మా ఊరికి బస్సు రావాలంటే ఎంత జనాభా ఉండాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కళ్యాణదుర్గం దాటి కుందుర్పి వైపు మీ పల్లె. 2011 లెక్కల్లో 1,180 మంది ఉన్నారు. తారు రోడ్డు పడి ఆరేళ్ళయినా బస్సు రాదు. మెయిన్ రోడ్డు మీద క్రాస్ దాకా మూడు కిలోమీటర్లు నడవాలి, లేదా ఆటో నిండేదాకా కాచుకోవాలి. ఎంత జనాభా ఉంటే బస్సు వేస్తారు, ఎవర్ని అడగాలి అన్నారు.

సూటిగా చెప్తాను. బస్సుకు జనాభా హద్దు అంటూ లేదు. అది ఉండేది రోడ్డుకు. రోడ్డు మీకు పడిపోయింది కాబట్టి జనాభా అంకెతో ఇక పెద్ద పని లేదు. ఊళ్ళో ఎంతమంది ఉన్నారన్నది డిపోకు అక్కర్లేదు. పొద్దున ఏ టైముకు ఎంతమంది కదులుతారు, సాయంత్రం ఏ టైముకు తిరిగొస్తారు, అదొక్కటే చూస్తారు. మీరు అడగాల్సింది కూడా "మా ఊరికి కొత్త బస్సు" అని కాదు. ఇప్పటికే ఆ దారిన పోతున్న పల్లె వెలుగు సర్వీసుల్లో పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు మీ ఊరి మీదుగా మళ్ళించమని అడగాలి. మొదట అడగాల్సింది డిపో మేనేజర్‌నే. ఎమ్మెల్యే, కలెక్టర్ తర్వాత.

నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేరి ట్రాఫిక్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. సర్వీసంతా అనంతపురం, కర్నూలు జిల్లాల డిపోల్లోనే. బస్సు కావాలని వచ్చిన అర్జీలు చదవడం, రూటు సర్వేకు పోవడం, నడవని ట్రిప్పు ఎత్తేయమని నోట్ పెట్టడం, అన్నీ నేను చేసిన పనులే. అందుకే ఏ అర్జీ ఫైల్లో పడిపోతుందో, ఏది రోడ్డెక్కుతుందో కాస్త తెలుసు.

ముందు జనాభా సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీలాగే చాలామంది దగ్గర రోడ్డు సంగతీ బస్సు సంగతీ కలిసిపోయి ఉన్నాయి. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేయడానికి మైదాన ప్రాంతంలో ఆవాసానికి, అంటే ఇళ్ళన్నీ ఒకచోట ఉన్న పల్లెకు, 500 జనాభా ఉండాలి. కొండ ప్రాంత రాష్ట్రాల్లో, షెడ్యూల్డ్ గిరిజన ప్రాంతాల్లో, ఎడారి అభివృద్ధి పథకం కింద గుర్తించిన ప్రాంతాల్లో 250 చాలు. ఆ ఎడారి పథకంలో మన రాష్ట్రం నుంచి చేరిన ఒకే ఒక్క జిల్లా అనంతపురం. అవమానంగా అనిపించినా, రోడ్డు దగ్గర అది మనకు కలిసొచ్చిన మాట. 2024 సెప్టెంబరులో కేంద్రం ఒప్పుకున్న నాలుగో విడతలో 2011 లెక్కలనే ఆధారం చేసుకున్నారు, ఆకాంక్షిత జిల్లాలకు (వెనకబడినవని కేంద్రం గుర్తించినవి) కూడా 250 హద్దు పెట్టారు. కడప ఆ జాబితాలో ఉంది. రోడ్డు పడని తాండాలు మీ చుట్టుపక్కల ఉంటే వాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈ లెక్క రెవెన్యూ గ్రామానిది కాదు, పంచాయతీదీ కాదు. ఆవాసానిది. మన జిల్లాల్లో ఒక రెవెన్యూ గ్రామం కింద నాలుగైదు మజరాలు (శివారు పల్లెలు), రెండు తాండాలు ఉండటం మామూలే. సెన్సస్ పుస్తకంలో కనిపించే అంకె వాటన్నిటినీ కలిపింది. మీ 1,180 కూడా ఊరొక్కదానిదేనా, మజరాలను కలిపిందా చూసుకోండి. విడివిడిగా చూస్తే హద్దు చేరని చిన్న ఆవాసాలు 500 మీటర్ల లోపు దగ్గర్లో ఉంటే వాటి జనాభా కలిపి లెక్కించే వెసులుబాటు కూడా ఉంది. ఇది తెలియక "మాది 180 మందే, మాకు రాదులే" అనుకుని ఊరుకున్న తాండాలు ఉన్నాయి.

2011 అంకె గురించి ఇంకో మాట. ఆ లెక్కలు రాసింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. మన పడమటి మండలాల్లో ఫిబ్రవరి అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు కుటుంబాలకు కుటుంబాలే పోయి ఉంటాయి. మన వైపు నుంచి బెంగళూరు పనులకు పోయి ఉంటారు. ఆ ఇరవై రోజులూ ఇంటిల్లిపాదీ బయట ఉంటే వాళ్ళను ఆ ఉన్నచోటే రాసుకుంటారు, సొంతూళ్ళో కాదు. తాళం వేసిన ఇళ్ళ ముందు ముసలాయన ఒక్కడే కూర్చుని ఉంటే ఒక్కరనే రాస్తారు. కాబట్టి వలస ఊళ్ళకు ఆ అంకె ఉన్నదానికంటే తక్కువే ఉంటుంది. 2021లో జరగాల్సిన లెక్కలు వాయిదా పడ్డాయి. వచ్చే లెక్కలకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ, అంటే జనాన్ని లెక్కించేది మళ్ళీ ఫిబ్రవరిలోనే. పంచాయతీలో ఎవరైనా ముందుగానే ఆలోచించాల్సిన విషయం ఇది. ఈలోగా ఎక్కడైనా జనాభా చూపించాల్సి వస్తే ఓటర్ల జాబితా, గ్రామ సచివాలయంలో ఉన్న కుటుంబాల వివరాలు జత చేయండి.

సరే, బస్సు దగ్గరికి వద్దాం.

డిపోలో ప్రతి ట్రిప్పుకూ రెండు అంకెలు చూస్తారు. ఒకటి ఓఆర్, అంటే ఉన్న సీట్లలో ఎన్ని నిండాయన్న శాతం. రెండోది ఈపీకే, అంటే కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చిందన్నది. మీ ఊరి మీదుగా మళ్ళిస్తే ఒక్కో ట్రిప్పుకు పోనూ రానూ ఆరు కిలోమీటర్లు పెరుగుతుంది. రోజుకు రెండు ట్రిప్పులకు పన్నెండు. బస్సు లీటరుకు అయిదు కిలోమీటర్లు అటూ ఇటూ ఇస్తుంది కాబట్టి దాదాపు రెండున్నర లీటర్ల డీజిల్. నిజానికి డీజిల్ పెద్ద అడ్డం కాదు. అసలు ఖరీదు టైముది. పల్లె రోడ్డు మీద మూడు కిలోమీటర్లు పోయి, తిప్పుకుని, ఎక్కించుకుని, మళ్ళీ క్రాస్‌కు రావాలంటే ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ మీకంటే ముందే ఎక్కి పైఊరి నుంచి వస్తున్నవాళ్ళు బస్సులో కూర్చునే ఉంటారు. వాళ్ళ పిల్లలకూ అదే కాలేజీ బెల్లు. వారం తిరక్కుండా వాళ్ళు డిపోకొచ్చి "మా బస్సును ఊళ్ళన్నీ తిప్పుతున్నారు సార్" అంటారు. మీ అర్జీకి తొలి శత్రువు పక్క ఊరే, అధికారి కాదు. అందుకే అర్జీ పెట్టే ముందే పైఊరి పెద్దమనుషులతో మాట్లాడి, బస్సు పావుగంట ముందు బయలుదేరినా మాకు అభ్యంతరం లేదని వాళ్ళ పంచాయతీ నుంచి ఒక కాగితం తెచ్చుకోండి. ఇలాంటి కాగితం జత చేసిన అర్జీ నా చేతికి వచ్చిందంటే అది ఆషామాషీగా రాసింది కాదని అప్పుడే తెలిసిపోయేది.

జనాభాకూ బస్సుకూ సంబంధం ఎంత తక్కువో చెప్పడానికి నేను చూసిన రెండు ఊళ్ళ సంగతి.

పత్తికొండ వైపు ఒక ఊరు. పెద్దది, నాలుగు వేలకు పైనే ఉంటారు. బస్సు ఖాళీగా తిరుగుతోందని ట్రిప్పు ఎత్తేసే దాకా వచ్చింది. పోయి చూస్తే బస్సు ఊళ్ళోకి వచ్చేది పదిన్నరకు. అప్పటికి కూలికి పోయేవాళ్ళు పోయారు, కాలేజీ పిల్లలు ఎనిమిదిలోపే ఆటోల్లో వేలాడుతూ పోయారు, టమాటా గంపలు తెల్లారకముందే మార్కెట్టుకు చేరాయి. పదిన్నరకు మిగిలేది బ్యాంకుకు పోయే ఇద్దరు ముగ్గురు. అదే బస్సును ఏడు దాటగానే వచ్చేలా మార్చారు, నిలబడటానికి చోటు లేకుండా పోయింది. జనాభా పెరగలేదు, టైము మారింది, అంతే.

రెండోది రాయదుర్గం వైపు ఒక తాండా, నాలుగు వందల మంది కూడా ఉండరు. వాళ్ళొక్కరి కోసమే అయితే ఏ డిపో కూడా బస్సు పంపదు. కానీ రెండు పెద్ద ఊళ్ళ మధ్య పంచాయతీరాజ్ రోడ్డు కలిసింది, ఆ రోడ్డు తాండా ముందునుంచే పోతుంది. బస్సు ఒక దారిన పోయి ఇంకో దారిన తిరిగొచ్చేలా చుట్టు రూటు వేశారు. వెనక్కి తిప్పుకుని రావాల్సిన కిలోమీటర్లు పోయాయి, మూడు ఊళ్ళ జనం ఒకే బస్సుకు దొరికారు. మీ ఊరి రోడ్డు అవతలి వైపు ఏ ఊరికైనా కలుస్తుందా? బండిబాటగానైనా ఉందా? మీ ప్రశ్నలో ఆ మాట లేదు. కలుస్తుంటే మీ కేసు బలం రెట్టింపవుతుంది. ఆ మిగిలిన రెండు కిలోమీటర్లు మట్టిదైతే ముందు ఆ రోడ్డు కోసం పట్టుబట్టండి.

ఇప్పుడు రూటు సర్వే. మీ అర్జీ కాస్త బాగుంటే డిపో నుంచి ట్రాఫిక్ వాళ్ళు ఒకరు, సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ ఒకరు వచ్చి రోడ్డు చూస్తారు. ఎక్కువ అర్జీలు ఇక్కడే ఆగిపోతాయి. రోడ్డు ఉంది కదా అని ఊరివాళ్ళ వాదన, బస్సు రోడ్డు కాదని వీళ్ళ వాదన. ఇద్దరిదీ నిజమే. గ్రామ సడక్ పథకం కింద వేసే తారు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు, బండ్లు బాగా తక్కువ తిరిగే చోట 3 మీటర్లే. బస్సు వెడల్పు రెండున్నర మీటర్లు. ఎదురుగా ఆటో వచ్చినా ఇద్దరిలో ఒకరు మట్టిలోకి దిగాల్సిందే. ఆ మట్టి అంచు వానకు కోసుకుపోయి తారు కంటే జానెడు కిందికి ఉంటే, బస్సు దిగిందంటే పక్కకు ఒరుగుతుంది. డ్రైవర్ ఎందుకు ఒప్పుకుంటాడు?

మీ రోడ్డు పడి ఆరేళ్ళన్నారు. ఆ పథకం రోడ్డే అయితే పూర్తయిన నాటి నుంచి అయిదేళ్ళు మరమ్మతు బాధ్యత కాంట్రాక్టర్‌దే. అది దాటిపోయింది, ఇప్పుడు పంచాయతీరాజ్ ఇంజనీర్లను అడగాలి. రోడ్డు మొదట్లో ఉండే బోర్డు మీద పని పూర్తయిన తేదీ ఉంటుంది, ఫోటో తీసి పెట్టుకోండి. గుంతలు ఉంటే "మేరీ సడక్" యాప్‌లో ఫోటోతో ఫిర్యాదు చేయొచ్చు. జవాబు తప్పకుండా వస్తుందని నేను హామీ ఇవ్వను కానీ, పెట్టినట్టు ఆధారం ఉంటుంది.

సర్వేకు వచ్చినవాళ్ళు తారు కంటే ఎక్కువగా చూసే సంగతులు వేరే ఉన్నాయి. అవన్నీ ఊరే సరిచేసుకోగలిగినవి.

కంప చెట్లు. రోడ్డుకు రెండు వైపులా సర్కారు కంప పెరిగి లోపలికి వాలి ఉంటుంది. బైకుకు, ఆటోకు తగలదు. బస్సు కిటికీ పక్కన చెయ్యి పెట్టుకుని కూర్చున్నవాళ్ళకు ముల్లు గీసుకుపోతుంది, సైడు అద్దం ఊడిపోతుంది. సర్వే తేదీ తెలిసిన రోజే జేసీబీ పెట్టి కొట్టించండి, మళ్ళీ ఏడాదికొకసారి కొట్టిస్తామని పంచాయతీ తీర్మానం చేయించండి.

కరెంటు తీగలు. ఊళ్ళోకి వచ్చేచోట స్తంభాల మధ్య తీగ వేలాడుతుంటుంది. కట్టె నింపిన ట్రాక్టర్ పోతుంది కదా అంటారు. ట్రాక్టర్ మీద వాడు కర్రతో తీగ ఎత్తి పట్టుకుని పోతాడు, బస్సు మీద ఎవరుంటారు? లైన్‌మన్‌తో చెప్పి ముందే బిగింపజేయండి.

తిప్పుకునే చోటు. ఇదే అన్నిటికంటే ముఖ్యం. పది పన్నెండు మీటర్ల బస్సు రివర్స్ చేసుకోవాలి. రచ్చకట్ట ముందు ఖాళీ ఉందనుకుంటారు, పొద్దున చూస్తే అక్కడ రెండు ట్రాక్టర్లు, ఒక గడ్డివామి, ఎవరిదో పెళ్ళి పందిరి. స్కూలు ముందు గానీ, ఊరి బయట గుడి దగ్గర గానీ కొంత చోటు చదును చేసి, బండ్లు పెట్టకుండా రాళ్ళు పాతండి.

పంట ఆరబెట్టడం. దీని గురించి చెప్తే ఊళ్ళో కోపాలొస్తాయి, అయినా చెప్పక తప్పదు. కళ్లాలు కరువై రోడ్డు మీదే ఉలవ కట్టె, కంది కట్టె పరిచి, బండ్ల చక్రాల కింద నలగనిస్తారు. ఆ కట్టె బస్సు కింద తిరిగే షాఫ్ట్‌కు చుట్టుకుని వేడెక్కితే పొగ లేస్తుంది, మంటలూ లేస్తాయి. ఈ ఒక్క కారణంతో సీజనంతా బస్సును క్రాస్‌లోనే ఆపేసిన ఊళ్ళున్నాయి.

వంక సంగతి మీరు రాయలేదు. మధ్యలో లో లెవెల్ కాజ్‌వే ఉంటే కంగారు పడకండి. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడే జిల్లా మనది, ఆ వంక పారేది కొద్ది రోజులే. అన్ని కాలాల్లో పనికొచ్చే రోడ్డు అన్న నిర్వచనంలోనే అలాంటి కొద్దిపాటి అంతరాయాన్ని ఒప్పుకుంటారు. వంక పారే రోజు బస్సు క్రాస్‌లో ఆగుతుంది, ఆ మాట అర్జీలో మీరే రాసేయండి.

అర్జీ ఎలా రాయాలన్నది మీరు అడగలేదు గానీ అసలు పని అక్కడే ఉంది. మాకు వచ్చేవాటిలో చాలావరకు "స్వాతంత్య్రం వచ్చి ఇన్నేళ్ళయినా మా గ్రామానికి బస్సు సౌకర్యం లేదు" అని మొదలై, మూడు పేజీల సంతకాలతో ముగిసేవి. ఆ సంతకాల్లో సగం మంది నెలకొకసారి కూడా ఊరు దాటరు. దానికి బదులు ఇలా చేయండి. ఇంటర్, డిగ్రీ పిల్లలు ఇద్దర్ని పొద్దున ఆరు నుంచి పది దాకా ఊరి బయట కూర్చోబెట్టండి. ఒక వారం పాటు, సంత రోజు కూడా పడేలా. ఎవరు, ఏ టైముకు, ఎక్కడికి, దేంట్లో పోయారు అన్నది రాసుకోవాలి. పేర్లు అక్కర్లేదు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా తిరిగొచ్చేవాళ్ళనూ అలాగే. ఒక్క పేజీలో ఆ పట్టీ పెట్టి, కింద మీరు అడిగేది ఒక్క వాక్యంలో రాయండి: ఫలానా టైముకు క్రాస్ మీదుగా పోయే ఫలానా సర్వీసును మా ఊరి మీదుగా మళ్ళించండి అని. దానికి హైస్కూలు హెడ్మాస్టర్ లెటరు, పొదుపు సంఘాల తీర్మానం, పైన చెప్పిన పక్క ఊరి కాగితం జత చేయండి. డిపో మేనేజర్‌కు (డీఎం) ఇచ్చి, నకలు జిల్లా ప్రజా రవాణా అధికారికి పంపండి. "డయల్ యువర్ డీఎం" పెట్టిన రోజు ఫోన్ చేసి అర్జీ తేదీ గుర్తు చేయండి. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. అక్కడిస్తే అర్జీకి నంబరు పడుతుంది, ఎవరో ఒకరు జవాబు రాయాల్సిందే. ఎమ్మెల్యే లెటర్ తెస్తే బస్సు మొదలవుతుంది, నిజమే. కానీ నడిపించేది లెటరు కాదు. పూలదండ వేసి, టెంకాయ కొట్టి, ముందు నిలబడి ఫోటోలు దిగిన బస్సులు నెల తిరక్కుండా ఆగిపోవడం నేను చాలానే చూశాను.

ఇంకొక చిన్న కిటుకు. కండక్టర్ చేతిలోని టిక్కెట్ మిషన్‌లో ఏ స్టేజీలో (టిక్కెట్ ధర లెక్కగట్టే స్టాపులో) ఎంతమంది ఎక్కారో అంతా ఉంటుంది, డిపో నమ్మేది దాన్నే. మీ క్రాస్ ఒక స్టేజీగా ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే మీ ఊరివాళ్ళు ఎక్కినా వెనక స్టేజీ నుంచి టిక్కెట్ కొడతారు. మీరు రోజూ ఎక్కుతున్నా లెక్కలో మీ ఊరు ఎక్కడా కనిపించదు, ఆ క్రెడిట్ అంతా వెనక ఊరికి పోతుంది. ముందు క్రాస్‌ను స్టేజీ చేయమని అడగండి. దానికి రూపాయి ఖర్చు లేదు కాబట్టి తొందరగా అవుతుంది, రేపు మళ్ళింపు అడిగేటప్పుడు మీ లెక్క మిషన్‌లోనే సిద్ధంగా ఉంటుంది.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి వచ్చింది కదా. పల్లె వెలుగులో ఆడవాళ్ళకు ఉచితం. ఇది మీ అర్జీకి మంచి బలం. బస్సు లేని ఊళ్ళో ఆ పథకం ఉండీ లేనట్టే, అదే మాట రాయండి. ఒక్క జాగ్రత్త. "ఎట్లాగూ ఉచితమే కదా" అని కొందరు టిక్కెట్ తీసుకోకుండానే కూర్చుంటారు. కార్డు చూపించి జీరో టిక్కెట్ తప్పకుండా తీసుకోవాలని సంఘాల మీటింగులో చెప్పించండి. ఆ టిక్కెట్ పడితేనే మనిషి లెక్కలోకి వస్తుంది.

ఆటోల గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే అవుతుంది. బస్సు వచ్చే అయిదు నిమిషాల ముందు ఆటో హారన్ కొడుతుంది, జనం ఎక్కేస్తారు, బస్సు ఖాళీగా పోతుంది, మూడు నెలలకు ట్రిప్పు ఎత్తేస్తారు, మర్నాటి నుంచి ఆటో ఛార్జీ పది రూపాయలు పెరుగుతుంది. ఇది చాలా ఊళ్ళలో జరిగిన కథే. అయినా ఆటోవాళ్ళను తిట్టి లాభం లేదు. అర్ధరాత్రి నొప్పులొస్తే, పాము కరిస్తే 108 వచ్చేలోగా బండి తీసేది వాళ్ళే. వాళ్ళు మీ ఊరి పిల్లలే, ఆ బండి మీద ఫైనాన్స్ కంతులున్నాయి. స్త్రీశక్తితో దెబ్బ తగిలిందనే 2025 అక్టోబరులో ప్రభుత్వం ఆటో డ్రైవర్లకు తలా 15 వేలు ఇచ్చింది. కూర్చుని మాట్లాడుకోండి. బస్సుకు ముందూ వెనకా అరగంట ఊరి నుంచి ఎత్తకూడదు, మిగతా రోజంతా మీదే అని ఒక కట్టుబాటు పెట్టుకున్న చోట రెండూ నడిచాయి. ఊరి వాళ్ళకూ ఒక మాట. ఆటో పర్మిట్ డ్రైవర్ కాక ముగ్గురికే. పదిమందిని ఎక్కించుకున్న ఆటో బోల్తా పడితే ఇన్సూరెన్స్ దగ్గర ఎన్ని చిక్కులొస్తాయో అనుభవించినవాళ్ళకే తెలుసు.

మళ్ళింపు కుదరదంటే నైట్ హాల్ట్ అడగొచ్చు. రాత్రి చివరి ట్రిప్పు మీ ఊళ్ళో ఆగి, తెల్లారి మొదటి ట్రిప్పు అక్కడి నుంచే బయలుదేరుతుంది. పాల క్యాన్లు, కాలేజీ పిల్లలు, బెంగళూరు బస్సు అందుకోవాల్సినవాళ్ళు, అందరికీ సరిపోయే టైము అది. పైఊరి గొడవ కూడా ఉండదు, ఎందుకంటే ఆ ట్రిప్పు మీదే. కానీ డ్రైవర్, కండక్టర్ ఇద్దరు పడుకోవడానికి గది, ఫ్యాను, నీళ్ళు, మరుగుదొడ్డి చూపించాల్సింది ఊరే. పంచాయతీ ఆఫీసు వరండాలో పడుకోమంటే మూడో రోజు నుంచి ఆ డ్యూటీకి ఎవరూ రారు. రాత్రి ఒంటిగంటకు దోమలు కొట్టుకుంటూ బస్సు సీట్ల మీద పడుకుని, పొద్దున అయిదున్నరకు స్టీరింగ్ పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. నాకు తెలిసిన ఒక ఊళ్ళో పాత స్కూలు గదికి సున్నం కొట్టించి తాళంచెవి కండక్టర్ చేతికే ఇచ్చారు. ఆ హాల్ట్ ఏళ్ళ తరబడి నడిచింది. డ్యూటీ చార్టులో ఆ ఊరు పడాలని సిబ్బందే అడిగేవాళ్ళు.

డిపో నుంచి వచ్చే జవాబు "బస్సులు లేవు" అని అయితే అది చాలాసార్లు నిజమే. అప్పుడు అన్ని రోజులకూ అడగకండి. సంత రోజు ఒక్కటి, లేదా స్కూళ్ళు నడిచే రోజుల్లో పొద్దున ఒక్క ట్రిప్పు అడగండి. ట్రయల్‌గా ఇస్తామంటే ఒప్పుకోండి, కానీ సాయంత్రం తిరుగు ట్రిప్పు కూడా ఉందో లేదో చూసుకోండి. పొద్దున తీసుకుపోయి సాయంత్రం తీసుకురాని బస్సును ఎవరూ ఎక్కరు. ఆడపిల్లల తల్లిదండ్రులు అసలే ఎక్కించరు. అప్పుడు ట్రయల్ ఫెయిలైందని రాసేస్తారు, మళ్ళీ అడగడానికి ముఖం చెల్లదు.

మీ క్రాస్ మీదుగా పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపు ఏ సర్వీసులు పోతున్నాయి, వాటిలో ఏవి పల్లె వెలుగు, ఏవి ఎక్స్‌ప్రెస్, ఎక్కడి నుంచి వస్తున్నాయి అన్నది రాసి పెట్టండి. ఎక్స్‌ప్రెస్‌ను ఎలాగూ మళ్ళించరు. మిగిలిన వాటిలో ఏ ట్రిప్పును అడిగితే మీకు దొరికే వీలుందో చూసి చెప్తాను.